క్షిత్యంకురాదికం కర్తృజన్యం: ఈశ్వరానుమానాన్ని సభలో ఎలా నిలబెట్టాలి, అది ఎక్కడ తెగుతుంది

మీ ప్రశ్న సారాంశం ఇది. పర్లాకిమిడిలో వాదసభ. "దేవుడున్నాడని తర్కంతో స్థాపించవచ్చు" అనే పక్షం మీకు వచ్చింది. సమయం అరగంట. ఎదురుపక్షంలో మాట్లాడేది ఫిజిక్స్ లెక్చరర్. మీ దగ్గర మూడు వాదనలున్నాయి: ప్రతిదానికీ కారణం ఉంటుంది కనుక ప్రపంచానికీ ఒక కారణం ఉంది, ఇంత క్రమం తనంత తానుగా రాదు, పరిపూర్ణుడు అన్న భావనలోనే ఉనికి ఇమిడి ఉంది. వీటిలో ఏది గట్టిది, ఎక్కడెక్కడ దెబ్బ తగులుతుంది అని అడిగారు.

మూడోది వదిలేయండి. రెండోదాన్ని మీరు రాసిన రూపంలో ఎత్తుకుంటే నష్టమే ఎక్కువ. మొదటిది ఇప్పుడున్న మాటల్లో అయితే నిమిషంలో పడిపోతుంది. కానీ దాన్ని విప్పి, న్యాయశాస్త్రం, అంటే మన ప్రాచీన తర్కశాస్త్రం, చూపిన పద్ధతిలో మళ్ళీ కడితే అరగంట నిలబడగల వాదన అదొక్కటే. అందుకే ఈ జవాబులో ఎక్కువ భాగం దానికే ఇస్తున్నాను.

కట్టడానికి ముందు సాధ్యం, అంటే మీరు రుజువు చేయబోయేది, ఏమిటో తేల్చుకోవాలి. ఇలాంటి సభల్లో ఓడిపోయేవాళ్లలో చాలామంది హేతువు బలహీనమై ఓడిపోరు. ఏది రుజువు చేస్తామన్నారో అది ఒకటి, చివర ప్రకటించేది మరొకటి కావడం వల్ల ఓడిపోతారు. మీ ముందు కూర్చునేవాళ్లను తలుచుకోండి. దారుమూర్తి జగన్నాథుణ్ణి కొలిచేవాళ్లుంటారు. అలేఖుడికి రూపం లేదు, విగ్రహం వద్దు అనే మహిమా ధర్మం వాళ్లు ఉండవచ్చు. గజపతి జిల్లా కొండల నుంచి వచ్చిన సవర క్రైస్తవులుంటారు. రాయగడ వైపు డొంగ్రియా కోందులకు నియమగిరి కొండే నియమరాజు. 2013లో 12 గ్రామసభలు బాక్సైట్ తవ్వకాన్ని తిరస్కరించినప్పుడు ఆ నమ్మకమే ముందు నిలిచింది. వీళ్లందరి దేవుణ్ణీ ఒకే అనుమానంతో (తర్కంలో ఈ మాటకు సందేహం అని కాదు, హేతువును బట్టి తేల్చడం అని అర్థం) తెచ్చి నిలబెడతానంటే మాట మొదలుకాక ముందే ఓడిపోతారు. అనుమానం తెచ్చి ఇవ్వగలిగింది చాలా సన్నని వస్తువు. ఆ సన్నదనాన్ని మీరే ముందు ప్రకటించాలి.

ఆ సన్నని వస్తువు పేరు కర్త. మన తెలుగువాడైన అన్నంభట్టు 17వ శతాబ్దిలో తర్కసంగ్రహానికి తానే రాసుకున్న దీపికలో కర్తృత్వానికి చెప్పిన లక్షణం "ఉపాదానగోచర అపరోక్షజ్ఞాన చికీర్షా కృతిమత్త్వం". ఏ సామగ్రితో చెయ్యాలో దాన్ని నేరుగా ఎరిగి ఉండటం, చెయ్యాలన్న ఇచ్ఛ ఉండటం, ఆ ఇచ్ఛ వెంట ప్రయత్నం ఉండటం. ఈ మూడూ ఉన్నవాడు కర్త. ఇందులో కరుణ లేదు, అవతారం లేదు, మొక్కు వినడం లేదు, ఏ మతగ్రంథమూ లేదు. మీ ప్రతిజ్ఞ, అంటే మీరు స్థాపిస్తానన్న మాట, ఇంతవరకే అని మొదటి నాలుగు నిమిషాల్లో చెప్పేయండి. పిరికితనంగా కనిపిస్తుందేమోనని వెనకాడకండి. తరవాత వచ్చే సగం దెబ్బలు ఈ నాలుగు నిమిషాల వల్లే మీకు తగలకుండా పోతాయి.

ఇప్పుడు మీ మొదటి వాదన. "ప్రతిదానికీ కారణం ఉంటుంది" అనగానే "మరి దేవుడికి?" అంటారు. దానికి జవాబు దొరకదు, ఎందుకంటే పొరపాటు మీ వ్యాప్తిలోనే, అంటే మీరు ఆధారం చేసుకున్న సాధారణ నియమంలోనే, ఉంది. 1927లో లండన్ ప్రసంగంలో బెర్ట్రాండ్ రసెల్ కారణవాదాన్ని ఈ ఒక్క ప్రశ్నతోనే పక్కన పెట్టాడు. అయితే ఈ వాదనను పట్టుదలగా చెప్పిన పెద్దలెవరూ ఆ వాక్యం అనలేదు. 1111లో కన్నుమూసిన అల్ గజాలీ అన్నది "ఉండటం మొదలైన ప్రతిదానికీ" అని. 13వ శతాబ్దిలో థామస్ అక్వైనాస్ అన్నది కదలికకు లోనయ్యేవాటి గురించీ, ఉండవచ్చు లేకపోవచ్చు అనదగిన వాటి గురించీ. నైయాయికులు, అంటే న్యాయశాస్త్ర పండితులు, అన్నది కార్యం గురించి, అంటే ముందు లేకుండా ఉండి తరవాత కలిగినదాని గురించి. వాళ్ల మతంలో పరమాణువులు నిత్యం, ఆకాశం నిత్యం, ఆత్మలు నిత్యం. వీటిని ఈశ్వరుడు పుట్టించలేదు. ఈ సంగతి సభలో స్పష్టంగా చెప్పండి. న్యాయమతంలోని ఈశ్వరుడు ఉన్నవాటిని కూర్చేవాడు, శూన్యం నుంచి తెచ్చేవాడు కాడు. క్రైస్తవ శ్రోతలకు ఇది తమ సృష్టికర్త కాదని తెలుస్తుంది. అది దాచవలసిన విషయం కాదు.

లెక్చరర్ ఎదురుగా ఉన్నాడు కనుక బిగ్ బ్యాంగ్‌ను మీ వైపు సాక్షిగా పిలవాలన్న ఆశ కలుగుతుంది. పిలవకండి. విశ్వం వయసు దాదాపు 1380 కోట్ల సంవత్సరాలన్న లెక్క వేడిగా, దట్టంగా ఉన్న తొలిదశ నుంచి జరిగిన వ్యాకోచానిది. దానికి ముందు ఏమీ లేదని ఆ లెక్క చెప్పదు. 2003లో బోర్డ్, గూత్, విలెంకిన్ నిరూపించిన సిద్ధాంతాన్ని చాలామంది ఉదాహరిస్తుంటారు. సగటున వ్యాకోచిస్తూ వచ్చిన విశ్వాన్ని ఆ వర్ణనతో గతంలోకి అనంతంగా సాగదీయలేమన్నంత వరకే అది చెబుతుంది. ఆ హద్దుకు అవతల ఏముందన్నది వేరే ప్రశ్న. 1951లో పోప్ పన్నెండో పయస్ ఈ శాస్త్రాన్ని సృష్టికి మద్దతుగా చెబితే, ఆ ఆలోచనకు ఆద్యుడైన జార్జ్ లెమేత్ర్, తాను స్వయంగా కాథలిక్ ఫాదర్ అయి ఉండీ, దాన్ని హర్షించలేదు. పైగా ప్రపంచానికి ఆది ఉందని బుద్ధితో రుజువు చేయలేమని అక్వైనాస్‌దే అభిప్రాయం. ఆయన కారణశ్రేణి కాలంలో వెనక్కి పోయేది కాదు, ఇప్పుడు ఈ క్షణాన ఒకటి మరొకదాని మీద ఆధారపడే శ్రేణి. ఈ రెండు శ్రేణులను కలిపేయడం ఈ వాదనలో అందరూ చేసే తప్పు.

ఇక అసలు అనుమానం. కాగితం మీద దాని ఐదు అవయవాలూ, అంటే వాదనలోని ఐదు మెట్లూ, రాసుకోండి. ప్రతిజ్ఞ: భూమి, మొలక మొదలైనవి కర్త వల్ల కలిగినవి. హేతువు: అవి కార్యాలు కనుక. ఉదాహరణ: ఏది కార్యమో అది కర్త వల్ల కలిగినదే, పటం (నేసిన బట్ట) లాగా. మీ సభకు పటం అంటే బరంపురం పట్టుచీర చూపండి. అంచు మీద కుంభం వరస చూసినవాడెవడూ నేసినవాడు లేడనడు. ఉపనయం: ఈ మొలకా అలాంటి కార్యమే. నిగమనం: కనుక దీనికీ కర్త ఉన్నాడు. సంస్కృతంలో ఇది "క్షిత్యంకురాదికం కర్తృజన్యం కార్యత్వాత్" అన్న ఒక్క పంక్తి. ఇందులో రెండు పక్షాలున్నాయి, అంటే వాదం వేటి గురించో అవి, భూమి, మొలక. మీరు మొలకనే పట్టుకోండి. భూమి కార్యమా కాదా అన్న చోట మళ్ళీ ఒక రుజువు కావాలి. భాగాలతో కూడినది కనుక కార్యమని చెప్పాలి, దాని మీద ఐదు నిమిషాలు పోతాయి. మొలక కార్యమని ఎవరూ కాదనరు. నిన్న లేదు, ఇవాళ ఉంది. హేతువు అసిద్ధం, అంటే పక్షంలో అసలు లేదు, అన్న దెబ్బ దానితో పోతుంది.

ఈ అనుమానం మీద పడే దెబ్బలను నాలుగుగా చూడవచ్చు గానీ, నాలుగూ సమానమైనవి కావు.

మొదటిది చిన్నది. "అడవిలో మొలకలు ఎవరూ నాటకుండానే వస్తున్నాయి కదా, మీ నియమం తప్పింది" అంటారు. అది వ్యభిచారం, అంటే నియమం తప్పిన చోటు, చూపడం. దేని గురించి వాదం నడుస్తోందో దాన్నే వ్యభిచారస్థలంగా చూపడం కుదరదని మీ జవాబు. కొండ మీద నిప్పు ఉందా లేదా అని అడుగుతున్నప్పుడు ఆ కొండనే "నిప్పులేని పొగ"కు ఉదాహరణగా ఇవ్వరు. ఇంతవరకు సరే. కానీ ఆగండి. లెక్చరర్ తెలివైనవాడైతే "మనిషి చెయ్యని కార్యాలన్నిటినీ మీరు పక్షంలోకి లాగేసుకున్నారు, ఇక మీకు వ్యతిరేకంగా చూపడానికి లోకంలో ఏం మిగిలింది?" అంటాడు. ఆ మాట న్యాయమైనదే. దానికి ఒప్పుకుని, అందుకే ఈ వ్యాప్తిని ఉదాహరణల లెక్కతో కాక తర్కబలంతో సమర్థిస్తానని చెప్పి ముందుకు వెళ్లండి. అది ఎలాగో మూడో దెబ్బకు జవాబు దగ్గర రాస్తాను.

రెండోది బౌద్ధ తార్కికుడు ధర్మకీర్తిది, 7వ శతాబ్దం. ఈశ్వరానుమానం మీద ఇంతకంటే పదునైన విమర్శ పడమటి దేశాల్లోనూ రాలేదని నా అభిప్రాయం. ఆయన అడిగేది ఇది: కుండ మట్టి వికారం, అంటే మట్టే మారి వచ్చిన రూపం, చేసినవాడు కుమ్మరి. పుట్ట కూడా మట్టి వికారమే. అయితే పుట్టను కుమ్మరి చేశాడందామా? కాదంటే, "మట్టి వికారం" అన్న మాట రెండింటికీ సరిపోయినంత మాత్రాన అనుమానం సాగదని మీరే ఒప్పుకున్నట్టు. అలాగే "కార్యం" అన్న మాట చీరకూ మొలకకూ సరిపోయినా, ఏ రకం కార్యాన్ని చూస్తే చేసినవాడు తోస్తాడో ఆ రకం వేరు. మీ ప్రాంతం నుంచే ఉదాహరణ దొరుకుతుంది. శ్రీముఖలింగం గుడి ఎవరు కట్టారో కన్నుతో చూడనివాడు కూడా, చెక్కిన రాయిని చూడగానే శిల్పి ఉన్నాడనుకుంటాడు. మహేంద్రగిరిని చూసి ఎవడికీ అలా తోచదు. ఆ తేడా ఎందుకొచ్చిందో చెప్పండి అన్నది ధర్మకీర్తి సవాలు.

నైయాయికుల జవాబు: ఇలా రకాలుగా చీలుస్తూ పోతే ఏ అనుమానమూ మిగలదు. వంటింటి పొగ వేరు, కొండ మీద పొగ వేరు, గడ్డి పొగ వేరు. అయినా పొగ అన్న సామాన్యంతోనే నిప్పును ఊహిస్తున్నాం. ఇది మంచి జవాబే గానీ పూర్తి జవాబు కాదు. పొగల మధ్య తేడా నిప్పుతో సంబంధం లేని తేడా. గుడికీ కొండకూ మధ్య తేడా మాత్రం కర్తను గుర్తుపట్టే సంగతిలోనే ఉంది. మీరు ఈ జవాబు చెప్పి గెలిచానని కూర్చోకండి. దీన్ని దాటించేది తరవాతి మెట్టు.

మూడో దెబ్బ ఉపాధి. ఇది రాని తార్కికుడు ఉండడు, తప్పుగా చెప్పే వక్తలు మాత్రం చాలామంది. ఉపాధి అంటే ఏమిటో తర్కసంగ్రహంలోని ఉదాహరణతోనే నేర్చుకోండి. "కొండ మీద పొగ ఉంది, నిప్పు ఉంది కనుక" అన్న అనుమానం తప్పు, ఎందుకంటే ఎర్రగా కాలిన ఇనుపగుండులో నిప్పు ఉంది, పొగ లేదు. పొగ రావాలంటే తడి కట్టె తగలాలి. పొగ ఉన్న చోటల్లా తడి కట్టె ఉంది, నిప్పు ఉన్న చోటల్లా లేదు. సాధ్యాన్ని వ్యాపించి, హేతువును వ్యాపించని ఈ మూడోదే ఉపాధి. ఇప్పుడు ప్రతివాది అంటాడు: కర్త చేసినవని ఇద్దరం ఒప్పుకున్న కుండ, చీర, బండి, అన్నీ శరీరం ఉన్నవాడు చేసినవే. కార్యాలన్నీ అలాంటివి కావు, మొలకే సాక్ష్యం. కనుక శరీరజన్యత్వం ఉపాధి, మీ హేతువు సోపాధికం. దీన్నే తిరగేసి ఎదురు అనుమానంగానూ ఇస్తాడు: మొలకకు కర్త లేడు, శరీరం వల్ల కలగలేదు కనుక, ఆకాశం లాగా. ఇది సత్ప్రతిపక్షం.

జవాబు రెండు భాగాలు. ఎదురు అనుమానంలో "శరీరం వల్ల" అన్న విశేషణం పనికిరానిది. ఆకాశానికి కర్త లేకపోవడానికి అది అసలు పుట్టనిది కావడమే చాలు. శరీరం మాట అక్కడ ఏ పనీ చేయడం లేదు. ఆ విశేషణం తీసేస్తే మిగిలేది "పుట్టలేదు కనుక" అన్న హేతువు. అది మొలకలో లేదు. రెండో భాగాన్ని నైయాయికుడు విశ్వనాథ న్యాయపంచాననుడు సిద్ధాంతముక్తావళిలో తేల్చి చెప్పాడు: ప్రతివాది హేతువు అప్రయోజకం, నా హేతువుకు మాత్రం కార్యానికీ కర్తకూ మధ్య ఉన్న కార్యకారణభావమే అనుకూల తర్కం. అంటే, "నీ హేతువు ఉండి సాధ్యం లేకపోతే ఏమిటి నష్టం?" అని ఎవరైనా అడిగితే, "కారణం లేకుండా కార్యం కలిగినట్టవుతుంది" అని నేను చెప్పగలను, నువ్వు అలా ఏమీ చెప్పలేవు అని.

మొత్తం వాదన బరువంతా ఇక్కడ ఆగుతుంది, అందుకని నెమ్మదిగా చూడండి. సాలెవాడు చీరకు కారణమని తెలుసు, కుమ్మరి కుండకు కారణమని తెలుసు. కర్త అన్నవాడు కార్యం అన్నదానికి కారణమని ఎలా తెలిసింది? నైయాయికులు దీనికి ఒక సూత్రం ఇస్తారు: విశేషాల మధ్య కార్యకారణభావం ఉంటే, బాధకం (కాదని చూపే అడ్డు) లేనప్పుడు, వాటి సామాన్యాల మధ్య కూడా ఉంటుంది. "బాధకం లేనప్పుడు" అన్న మాటను మింగెయ్యకండి, చాలామంది మింగేస్తారు. లెక్చరర్ నేరుగా అక్కడికే వస్తాడు. విత్తనంలో జీవకణాలు, డీఎన్ఏ, నీరు, ఉష్ణోగ్రత, వీటితో మొలకను పూర్తిగా వివరించాం, ఇక కర్తకు చోటెక్కడ, అదే బాధకం అంటాడు. మీరు చెప్పగలిగింది ఇది: చీరను కూడా పోగు, మగ్గం, పడుగు, పేక అని పూర్తిగా వివరించవచ్చు. ఆ వివరణలో సాలెవాడి ఇచ్ఛ పేరు రాకపోయినా సాలెవాడు లేడని తేలలేదు. సామగ్రి వివరణ కర్తను బాధించదు. అంతే. కర్తను సాధించిందా అంటే, లేదు, దారి మూసుకుపోలేదని మాత్రమే తేలింది. ఈ చివరి వాక్యం మీరే సభలో అనండి. కర్త ఉన్నాడనడం బుద్ధికి విరుద్ధం కాదు, సాధారణ అనుభవం అటే మొగ్గుతోంది, ఒప్పుకుని తీరాల్సినంత బలవంతం మాత్రం లేదు. నా తీర్పు ఇదే, దీనికంటే పైకి ఎగబాకితే పడిపోతారు.

నాలుగో దెబ్బ, ఒక్కడే అని ఎలా తేల్చావు అన్నది. ఉదాహరణలో ఉన్న కర్త శరీరధారి, తప్పులు చేసేవాడు, నలుగురితో కలిసి పనిచేసేవాడు. ఆ ఉదాహరణ నుంచి సర్వజ్ఞుడైన ఏకైక కర్త ఎలా వచ్చాడు? డేవిడ్ హ్యూమ్ గ్రంథం ఆయన పోయాక 1779లో వెలువడింది. అందులోనూ ఇదే అడిగాడు. కానీ అంతకు ఏడు వందల ఏళ్లకు పైబడి ముందే పుట్టిన మన రామానుజులు శ్రీభాష్యంలో "శాస్త్రయోనిత్వాత్" సూత్రం కింద దీన్ని ఇంకా వివరంగా అడిగారు: పెద్ద పెద్ద కట్టడాలను అనేకులు వేరువేరు కాలాల్లో కడుతున్నారు, భూమీ కొండలూ ఒకేసారి ఒక్కడే చేశాడనడానికి ఏమిటి ఆధారం? ఈశ్వరుడు శాస్త్రం వల్లే తెలుస్తాడు, అనుమానం వల్ల కాదని ఆయన నిర్ణయం. శంకరులు కూడా బ్రహ్మసూత్రం 2.2.37 దగ్గర, అనుమానంతో తెచ్చిన కేవల నిమిత్తకారణ ఈశ్వరుణ్ణి, అంటే కుమ్మరిలా బయట నుంచి చేసేవాడు మాత్రమే అయిన ఈశ్వరుణ్ణి, నిరాకరించారు. మీమాంసకుడు కుమారిలభట్టు అయితే వేదాన్ని ప్రమాణంగా నిలబెడుతూనే సృష్టికర్తను ఒప్పుకోలేదు. లెక్చరర్ గనక "మీ ఆచార్యులే కాదన్నారు" అని ఈ పేర్లు తీస్తే సభ మొత్తం అటు తిరిగిపోతుంది. కాబట్టి మీరే ముందు తీయండి. ఒక్కడన్న దానికి నైయాయికుల సమాధానం లాఘవం: ఒకడితో సరిపోయే చోట పదిమందిని కల్పించడం గౌరవదోషం, అంటే అనవసరపు బరువు. అది ఒక సౌకర్యం, రుజువు కాదు. కార్యత్వంతో కర్త వరకు, లాఘవంతో ఒక్కడి వరకు, ఆపైన నేను వెళ్లను అని గీత గీసి చెప్పండి.

నైయాయికుడు ఉదయనాచార్యుడి తొమ్మిది హేతువులూ చెప్పనా అని అడిగారు. న్యాయకుసుమాంజలి ఐదో స్తబకం మొదటి శ్లోకం, "కార్యాయోజనధృత్యాదేః పదాత్ ప్రత్యయతః శ్రుతేః, వాక్యాత్ సంఖ్యావిశేషాచ్చ సాధ్యో విశ్వవిదవ్యయః". పైన చూసినది అందులోని మొదటి హేతువే. ఆయోజనం అంటే సృష్టి మొదట పరమాణువులు కదిలి కలవడానికి చేతనుడు కావాలన్నది. ఫిజిక్స్ తెలిసినవాడి ఎదుట దాన్ని ఎత్తకండి, కదలికకు తోసేవాడు కావాలన్న ఊహే అతను ఒప్పుకోడు. ధృతి, అంటే పడకుండా పట్టి ఉంచడం, దానిదీ అదే గతి. శ్రుతి, వాక్యం వేదాన్ని ఒప్పుకున్నవాళ్ల మధ్యే పనికొస్తాయి. పూరీ గుడి తలుపు మూసి ఉంటే ఉదయనుడు జగన్నాథుణ్ణి "బౌద్ధులు వచ్చినప్పుడు నీ ఉనికి నా చేతుల్లోనే ఉంది" అని దబాయించాడన్న కథ మీ వైపు అందరూ ఎరిగినదే. అందమైన కథ, నాకూ ఇష్టం. సభలో హేతువుగా మాత్రం పనికిరాదు.

క్రమం నుంచి కర్త అన్న మీ రెండో వాదనకు మీరు రుషికుల్య ముఖద్వారం దగ్గర గుడ్లు పెట్టే ఆలివ్ రిడ్లే తాబేళ్లను ఉదాహరణగా రాశారు. ఒక్కో గూటికి వంద పైచిలుకు గుడ్లు, నెలన్నర నుంచి రెండు నెలల్లో పొదగడం, ఇసుక వేడిని బట్టి ఆడా మగా తేలడం, పిల్లలు సముద్రం వైపే పరుగెత్తడం, నిజంగా అబ్బురమే. అయినా 1802లో విలియం పేలీ గడియారం ఉదాహరణతో ఇదే వాదన చెప్పాక, 1859లో డార్విన్ జీవుల అమరికకు కర్త అవసరం లేని దారి చూపించాడు. పైగా ఆ గుడ్ల నుంచి వచ్చిన పిల్లల్లో పెరిగి పెద్దయ్యేవి అతి కొద్ది. మీరు క్రమం చూపిస్తే అతను ఆ చావులు చూపిస్తాడు. క్రమం గురించి మాట్లాడాలనే ఉంటే జీవులను వదిలి ప్రకృతి నియమాల దగ్గరికి వెళ్లండి: నియమాలు అసలు ఉండటమే ఎందుకు, స్థిరాంకాలు జీవానికి వీలిచ్చే హద్దుల్లో ఉండటం ఎందుకు. దానికీ అనేక విశ్వాల ఊహ అడ్డు వస్తుంది. రెండు నిమిషాలకు మించి అక్కడ నిలవకండి.

మూడోదాన్ని వదిలేయమన్న కారణం కూడా చెప్పాలి. 1077–78 ప్రాంతంలో ఆన్సెల్మ్ చెప్పినది, అంతకంటే గొప్పది ఊహించలేనిది ఊహలోనే ఉండిపోతే దానికంటే గొప్పది ఊహించినట్టే అని. అప్పుడే గౌనిలో అనే సన్యాసి అదే పద్ధతిలో పరిపూర్ణమైన ద్వీపాన్ని కూడా నిరూపించవచ్చు కదా అన్నాడు. 1781లో కాంట్ ఉనికి ఒక గుణం కాదన్నాడు. కుర్ట్ గోడెల్ దీన్ని గణితతర్కంలో రాసి 1970లో డానా స్కాట్‌కు చూపించాడు, 1987లో అచ్చయింది. 2013లో ఇద్దరు పరిశోధకులు స్కాట్ రాసిన రూపాన్ని కంప్యూటర్‌తో సరిచూశారు, నిగమనం సరిగ్గానే వచ్చింది. పత్రికలు "దేవుణ్ణి కంప్యూటర్ నిరూపించింది" అని రాశాయి. సరిచూసింది మూలసూత్రాల నుంచి ఫలితం వస్తుందా అన్నదే, ఆ సూత్రాలు నిజమా అన్నది కాదు. తరవాత గోడెల్ సొంత ప్రతిలోని సూత్రాలు పరస్పర విరుద్ధమని కూడా కంప్యూటరే పట్టింది. మన సంప్రదాయానికి ఇది మొదటి నుంచీ పరాయిది. మేయం (తెలిసే వస్తువు) మానానికి (ప్రమాణానికి) లోబడి ఉంటుందని నమ్మే నైయాయికుడు భావన నుంచి వస్తువును తీయడు.

ఇక మీరు అడగనిది, సభలో తప్పకుండా వచ్చేది, దుఃఖం ప్రశ్న. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను గజపతి కొండల్లో చరియలు విరిచి, వాన నుంచి తలదాచుకున్న మనుషుల ప్రాణాలు తీసింది. ఆ ఇళ్లవాళ్లు సభలో ఉండవచ్చు. "వాళ్ల కర్మ" అని మాత్రం అనకండి. తర్కంలోనూ అది తొందరపాటే. "వైషమ్యనైర్ఘృణ్యే న సాపేక్షత్వాత్" అన్న బ్రహ్మసూత్రం 2.1.34 ఈశ్వరుడు కర్మను అనుసరించి ఫలమిస్తాడు కనుక పక్షపాతం లేదంటుంది. ఆ సమాధానానికి కర్మ, జన్మాంతరం, సంసారం అనాది కావడం అన్నీ ముందే ఒప్పుకుని ఉండాలి. లెక్చరర్ ఒప్పుకోడు, సవర క్రైస్తవుడూ ఒప్పుకోడు. కుమారిలుడి ప్రశ్న ఇంకా లోతైనది: "ప్రయోజనమనుద్దిశ్య న మందోఽపి ప్రవర్తతే", ప్రయోజనం లేనిదే మందబుద్ధి కూడా పనికి దిగడు, కరుణతో సృష్టించాడందామా, సృష్టికి ముందు కరుణించవలసిన దుఃఖితులే లేరు. పడమట జె.ఎల్. మాకీ 1955లో, దుఃఖమూ సర్వశక్తుడైన దయామయుడూ కలిసి ఉండటం పరస్పర విరుద్ధమన్నాడు. ఆల్విన్ ప్లాంటింగా 1974లో, స్వేచ్ఛ ఉన్న జీవులుండాలంటే అది విరుద్ధం కాకపోవచ్చని చూపించాడు. విలియం రో 1979లో, విరుద్ధం కాకపోయినా ఇంత వ్యర్థ దుఃఖం ఉండటం దేవుడి మీద సందేహానికి తగిన కారణమే అన్నాడు. స్వేచ్ఛ గురించిన జవాబు తుపానుకు అంత తేలిగ్గా వర్తించదు.

మీరు నిలబడే చోటు మొదటి నాలుగు నిమిషాల్లోనే వేసుకున్నారు. మీ ప్రతిజ్ఞ కర్త. దయ మీ సాధ్యంలో లేదు. కనుక "ఈ ప్రశ్న దయామయుడైన దేవుడి మీద వేయవలసిన న్యాయమైన ప్రశ్న, నేను ఇవాళ స్థాపిస్తానన్నది అది కాదు, దానికి ఈ అనుమానం చాలదు" అని నేరుగా చెప్పండి. దుఃఖాన్ని వివరించేశానన్నట్టు ఒక్క మాట కూడా అనకండి.

సమయం ఇలా పంచుకోండి. నాలుగు నిమిషాలు సాధ్యానికి. ఆరు నిమిషాలు ఐదు అవయవాలకు, మొలక, చీర ఉదాహరణలతో. పన్నెండు నిమిషాలు దెబ్బలకు, అందులో సగం పుట్టకూ ఉపాధికీ. నాలుగు నిమిషాలు హద్దులకు: రామానుజులు, కుమారిలుడు, తుపాను. మిగిలిన నాలుగూ చేతిలో ఉంచుకోండి. ముందురోజు ఒక స్నేహితుణ్ణి ధర్మకీర్తి పక్షంలో కూర్చోబెట్టి పుట్ట ప్రశ్ననే పదేపదే అడిగించుకోండి. ఎక్కడ తడబడతారో అక్కడ వాక్యాన్ని తిరగరాయండి. సభలో ఒడియావాళ్లు ఎక్కువగా ఉంటే పక్షం, హేతువు, సాధ్యం అన్న మూడు మాటలనూ బోర్డు మీద రాసి, వాటి కింద మొలక, కార్యత్వం, కర్త అని పెట్టండి. చివరిదాకా వేలితో చూపిస్తూ మాట్లాడవచ్చు.

ప్రతివాది తన పక్షం ఏదీ చెప్పకుండా మీది ఖండిస్తూనే ఉంటే, అది న్యాయసూత్రాలు చెప్పిన వితండ. అప్పుడు ఒక్కటే అడగండి: "మొలకకు కర్త లేడన్నది మీ ప్రతిజ్ఞా, లేక కర్త ఉన్నాడని తేలలేదన్నదా?" మొదటిదంటే హేతువు చూపవలసిన బాధ్యత అతనిది. రెండోదంటే, బలవంతపు రుజువు లేదని మీరు ముందే ఒప్పుకున్నారు కనుక, మీ ఇద్దరి మధ్య మిగిలేది మొగ్గు ఎటు అన్న ఒక్క ప్రశ్నే. మిగిలిన నాలుగు నిమిషాలు దాని మీద ఖర్చుపెట్టండి.